పెట్టె మీద 3600, తెర మీద 2666: మిగతా వేగం ఎక్కడ పోయింది?

ముహూర్తం_వీడియో, తిరుపతి
ఏప్రిల్ 22, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. బైరాగిపట్టెడలో చిన్న ఎడిటింగ్ గది నడుపుతున్నాను. పెళ్ళిళ్ళు, ఓణీ వేడుకలు, గృహప్రవేశాలు, ఏది వస్తే అది. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ450 బోర్డు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

పోయిన వారం పని మీద చెన్నై వెళ్ళి, రిచీ స్ట్రీటులో కొత్త ర్యామ్ కొన్నాను. 8 జీబీ స్టిక్కులు రెండు, ఒకే పెట్టెలో. పెట్టె మీద బొటనవేలంత అంకెలతో 3600 అని ముద్రించి ఉంది. పాతవి 2400వి. వాటిని తీసేసి, కొత్తవి పెట్టి, ఆత్రంగా టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే వేగం 2666!

అంగడివాడు నన్ను ముంచాడనే అనుకుంటున్నాను. బిల్లు భద్రంగా ఉంది. మళ్ళీ చెన్నై దాకా పోయి గొడవ పెట్టుకోవాలా, ఇంట్లోనే తీరే జబ్బా ఇది? 28న తిరుచానూరులో పెళ్ళి ఒప్పుకున్నాను. ఈలోపు యంత్రం సిద్ధం కావాలి.

కట్టమంచి_కుర్రాడు, చిత్తూరు
ఏప్రిల్ 22, రాత్రి 10:51

అన్నా, అంగడివాడిని తిట్టకండి. బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల తెరలో, ఎక్స్‌ఎంపీ అనే మెమరీ ప్రొఫైల్ వేయలేదు, అంతే. ఆన్ చేయగానే డిలీట్ మీట నొక్కుతూ ఉండండి, బయోస్ తెరుచుకుంటుంది. అందులో ఎక్స్‌ఎంపీ అని కనబడితే ప్రొఫైల్ 1 ఎంచుకుని, ఎఫ్10 నొక్కి బయటికి రండి. రెండు నిమిషాల పని.

వీధిచివర_నెట్‌సెంటర్, శ్రీకాళహస్తి
ఏప్రిల్ 22, రాత్రి 11:04

ముందు స్టిక్కులు బయటికి తీసి, పిన్నులను పెన్సిల్ రబ్బరుతో బాగా రుద్ది పెట్టండి. మా సెంటర్‌లో పదిహేనేళ్ళుగా ఇదే వైద్యం. నూటికి తొంభై కుదురుతాయి.

పాతమదర్‌బోర్డు, తిరుపతి
ఏప్రిల్ 22, రాత్రి 11:20

రబ్బరు వైద్యం డిస్‌ప్లే రానప్పుడు, అదీ నాలుగేళ్ళు దుమ్ములో పడి ఉన్న స్టిక్కులకు. నిన్న పెట్టెలోంచి తీసినవాటి బంగారు పూత ఎందుకు అరగదీయడం? రుద్దితే వేగం రాదు.

కుర్రాడు చెప్పిన దారి సరైనదే. కానీ ఎందుకో తెలియకుండా మీట నొక్కితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు చేయి ఆడదు. కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ప్రతి స్టిక్కు మీద మిరియపు గింజంత కూడా లేని చిప్ ఒకటి ఉంటుంది. ఎస్‌పీడీ అంటారు. స్టిక్కు జాతకం అందులో రాసి ఉంటుంది. బోర్డు మేలుకోగానే ముందు చదివేది దాన్నే. ఆ జాతకంలో జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన వేగాలు ఉంటాయి. డీడీఆర్4లో, అంటే మీ ర్యామ్ తరంలో, అవి 1600, 1866, 2133, 2400, 2666, 2933, 3200. అన్నీ 1.2 వోల్టుల మీద నడిచేవి. గమనించారా, ఆ వరుసలో 3600 లేనే లేదు. అది తయారీదారు తన పూచీ మీద అదనంగా రాసుకున్న వేగం. దాన్ని దాచే చోటు పేరే ఎక్స్‌ఎంపీ. డీడీఆర్3 రోజుల్లో, 2007లో ఇంటెల్ తెచ్చిన పద్ధతి. మీ రైజెన్ లాంటి ఏఎండీ ప్రాసెసర్ల బోర్డుల్లో కూడా పనిచేస్తుంది, కొన్నిటిలో డీవోసీపీ అనే పేరుతో కనబడుతుంది. మీ 3600 మామూలుగా 1.35 వోల్టులు అడుగుతుంది. అడగకుండా అంత వోల్టేజీ ఇవ్వడానికి ఏ బోర్డూ సాహసించదు. అందుకే మీ స్టిక్కు జాతకంలో ఉన్న మామూలు వేగం దగ్గర, అంటే 2666 దగ్గర ఆగింది. మోసం కాదు, జాగ్రత్త.

ఇంకొక మాట. 5600జీ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం 3200 వరకే. మెమరీని నడిపే కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. స్టిక్కు 3600 పరుగెత్తగలదన్నది నిజమే అయినా, పగ్గం పట్టినవాడు కూడా అంత వేగం పోగలగాలి. చాలా వాటికి వస్తుంది. రాకపోతే ఎవరినీ అడగలేం.

అర_సున్న, చిత్తూరు
ఏప్రిల్ 22, రాత్రి 11:33

చిన్న సవరణ. 3600 మెగాహెర్ట్జ్ అని పెట్టెల మీదా కొట్ల మీదా రాసేస్తున్నారు. గడియారం నడిచేది 1800 మెగాహెర్ట్జ్‌లోనే. ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా కదులుతుంది కాబట్టి సెకనుకు 360 కోట్ల బదిలీలు. డీడీఆర్‌లో మొదటి ‘డీ’ ఆ రెట్టింపుదే. రేపు ఎవరో ఒకరు సీపీయూ-జెడ్ అనే వివరాలు చూపే సాఫ్ట్‌వేర్ తెరిచి “అయ్యో 1800 చూపిస్తోంది, సగం కొట్టేశారు” అని ఇక్కడికి వస్తారు. వాళ్ళ కోసం ముందే రాసి పెడుతున్నాను.

ముహూర్తం_వీడియో, తిరుపతి
ఏప్రిల్ 23, అర్ధరాత్రి 12:14

ఎక్స్‌ఎంపీ వేశాను. ఎఫ్10 నొక్కాను. ఫ్యాను తిరిగింది, ఆగింది. మళ్ళీ తిరిగింది, ఆగింది. తెర నల్లగా ఉంది. కీబోర్డు దీపం కూడా వెలగడం లేదు. భయమేసి స్విచ్ కట్టేశాను. మళ్ళీ వేస్తే అదే వరస. ఫోనులో రాస్తున్నాను. రెండు పెళ్ళిళ్ళ ఫుటేజీ ఆ డిస్కులోనే ఉంది సార్. కాలిపోయిందా?

పాతమదర్‌బోర్డు, తిరుపతి
ఏప్రిల్ 23, అర్ధరాత్రి 12:21

ఏమీ కాలలేదు. మీ ఫుటేజీకి, దీనికి సంబంధం లేదు. 1.35 వోల్టులకు డీడీఆర్4 కాలిపోతే సగం తిరుపతి కంప్యూటర్లు ఈపాటికి బూడిద.

కొత్త వేగం వేసినప్పుడు బోర్డు మెమరీతో సర్దుబాటు చేసుకుంటుంది. కుదరకపోతే తనే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. చాలా బోర్డులు కొన్నిసార్లు ఓడిపోయాక పాత వేగానికి అవే వెనక్కి వస్తాయి. మీరు మధ్యలో స్విచ్ కట్టేశారు. ఇప్పుడు ఆన్ చేసి ఐదు నిమిషాలు ముట్టుకోకండి. అప్పటికీ రాకపోతే పవర్ వైరు పీకి, బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే బ్యాటరీ తీసి, పది నిమిషాల తరువాత పెట్టండి. బయోస్ అన్నీ మరిచిపోయి మొదటి రోజులా లేస్తుంది. తేదీ, సమయం మళ్ళీ సరిచేసుకోవాలి, అంతే.

పడుకోండి. పొద్దున చేయండి. నిద్రకళ్ళతో స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు.

ముహూర్తం_వీడియో, తిరుపతి
ఏప్రిల్ 23, ఉదయం 7:48

నిద్ర ఎక్కడ పడుతుంది సార్. నాలుగున్నరకే లేచి, టార్చి నోట్లో పెట్టుకుని బ్యాటరీ తీశాను. అది పట్టుకునే చిన్న కొక్కెం దగ్గర గోరు విరిగింది. ఇవతల నుంచి నొక్కితే అవతల నుంచి ఎగిరి క్యాబినెట్ అడుగున ఎస్‌ఎంపీఎస్ వైర్ల గుట్టలో పడింది. వెతకడానికి ఇంకో అరగంట. దాని మీద సీఆర్2032 అని ఉంది, మా ఆవిడ బరువు తూచే యంత్రంలోనూ అదే ఉందని అప్పుడే తెలిసింది.

డిస్‌ప్లే వచ్చింది! 2666 దగ్గరే ఉంది. ఇక ముట్టుకోవాలంటే భయం.

పాతమదర్‌బోర్డు, తిరుపతి
ఏప్రిల్ 23, ఉదయం 8:15

మంచిది. ఇప్పుడు ఒక ప్రశ్న. నిన్ననే అడగాల్సింది, నాదే పొరపాటు. నాలుగు స్లాట్లలో స్టిక్కులు ఏయే వాటిలో ఉన్నాయి? ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి చెప్పండి.

ముహూర్తం_వీడియో, తిరుపతి
ఏప్రిల్ 23, ఉదయం 8:19

ఒకటి, మూడు. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉంటే వేగంగా అందుకుంటుందని అలా పెట్టాను.

రేణిగుంట_షిఫ్టు, రేణిగుంట
ఏప్రిల్ 23, ఉదయం 8:40

దొంగ దొరికాడు. నేను ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో బోర్డుల పరీక్ష విభాగంలో పని చేస్తాను, ఇది మా రోజువారీ తలనొప్పి.

ఈ తరగతి బోర్డుల్లో ఎక్కువ వాటికి తీగలు ప్రాసెసర్ నుంచి బయలుదేరి ముందు మొదటి స్లాటును తాకి, అక్కడి నుంచి రెండో స్లాటు దాకా పోతాయి. మీరు మొదటి దాంట్లో స్టిక్కు పెట్టి రెండోది ఖాళీగా వదిలితే, ఆ చివరి ముక్క తీగ ఊరికే వేలాడుతున్నట్టే. సంకేతం అక్కడి దాకా పోయి, కొసన తగిలి, వెనక్కి తిరిగి వస్తుంది. మీరు పెళ్ళిళ్ళ మనిషి కాబట్టి మీకు తెలిసిన మాటలో చెబుతాను. జనం రాకముందు ఖాళీ కల్యాణమండపంలో మైకు పరీక్షిస్తారు చూడండి, ‘హలో’ అంటే గోడకు తగిలి మళ్ళీ ‘హలో’ వస్తుంది. మెల్లగా మాట్లాడితే అర్థమవుతుంది. గబగబా మాట్లాడితే పాత మాట, కొత్త మాట కలిసి గోల. 2666 అంటే మెల్లగా మాట్లాడడం.

స్టిక్కులు రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. మీ బోర్డు పుస్తకంలో ఏ2, బీ2 అని ఉంటుంది. ఒకసారి అందులోనూ చూసుకుని పెట్టండి.

ముహూర్తం_వీడియో, తిరుపతి
ఏప్రిల్ 23, ఉదయం 9:32

రెండు, నాలుగులో పెట్టాను. క్లిప్పు టక్కుమనే దాకా నొక్కాను. ఎక్స్‌ఎంపీ వేశాను. ఫ్యాను ఒకసారి ఆగింది, ప్రాణం గొంతులోకి వచ్చింది. తరువాత తెర వెలిగింది.

3600!

తిరిగి తిరిగి టాస్క్ మేనేజర్ చూసుకుంటున్నాను. అందరికీ లడ్డూలు బాకీ.

కట్టమంచి_కుర్రాడు, చిత్తూరు
ఏప్రిల్ 23, ఉదయం 10:05

అన్నా శుభం. ఇదే చోట నా బాధ కూడా చెప్పుకుంటాను. మీకు సలహా ఇచ్చిన నాకే ఎక్స్‌ఎంపీ పనిచేయదు. ఇంటెల్ ఐ5-10400 ప్రాసెసర్, హెచ్510 బోర్డు. 3200 స్టిక్కు ఒక్కటే ఉంది, 8 జీబీ. బయోస్‌లో ఏమి తిప్పినా 2666 దాటదు. స్లాటు మార్చాను, బ్యాటరీ తీశాను, రబ్బరుతో కూడా రుద్దాను, ఒప్పుకుంటున్నాను.

అర_సున్న, చిత్తూరు
ఏప్రిల్ 23, ఉదయం 10:48

తమ్ముడూ, నీ దగ్గర చెడిపోయింది ఏదీ లేదు. ఐ5-10400కు ఇంటెల్ ఇచ్చిన హద్దు 2666. దాన్ని దాటించే అనుమతి హెచ్510 చిప్‌సెట్‌కు లేదు. అదే వరుసలో బీ560కి ఉంది. ఆ తేడాకే బోర్డు ధరలో తేడా. కాబట్టి బయోస్‌తో కుస్తీ మానెయ్.

కానీ నీకు దొరికే లాభం వేరే చోట ఉంది. ఒక్క స్టిక్కు అంటే ఒక్క దారి. ఆ దారి వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. 2666ను 8తో గుణిస్తే సెకనుకు 21.3 జీబీ. ఇంకో 8 జీబీ స్టిక్కు రెండో దారిలో పెడితే 42.6. ఎక్స్‌ఎంపీ వల్ల 3200 వచ్చి ఉన్నా ఒక్క స్టిక్కుతో 25.6 దగ్గరే ఆగేవాడివి. లెక్క నీ కళ్ళ ముందే ఉంది.

కట్టమంచి_కుర్రాడు, చిత్తూరు
ఏప్రిల్ 23, ఉదయం 11:02

మా మామయ్య దగ్గర పాత 2400 స్టిక్కు, 8 జీబీది, ఊరికే పడి ఉంది. అది కలిపితే రెండూ 2400కు దిగిపోతాయి కదా? నష్టం కాదా?

అర_సున్న, చిత్తూరు
ఏప్రిల్ 23, ఉదయం 11:10

దిగిపోతాయి. 2400 లెక్కన రెండు దారులకు 38.4. నీ దగ్గర ఇప్పుడు ఉన్నది 21.3. మామయ్య మనసు మారకముందే వెళ్ళి తెచ్చుకో.

రేణిగుంట_షిఫ్టు, రేణిగుంట
ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1:15

డీడీఆర్5కు మారాలనుకునేవాళ్ళు ఒక మాట వినండి. పోయిన ఏడాది మా బావమరిదికి రైజెన్ 7000 తరం యంత్రం కట్టించాను. ఎక్కువ ఉంటే మంచిదని నాలుగు స్టిక్కులు కొన్నాడు, పెట్టె మీద 6000. ఏఎండీ ఆ తరానికి రెండు స్టిక్కులతో 5200 అని, నాలుగు పెడితే 3600 అని రాసింది. నాలుగింటితో ఎక్స్‌పో వేసి 6000 నిలబెట్టాలని రెండు ఆదివారాలు పోరాడాం. చివరికి రెండు పీకి నాకు ఇచ్చేశాడు. అప్పటి నుంచి పరుగే పరుగు.

అన్నట్టు ఎక్స్‌పో అంటే ఏఎండీ డీడీఆర్5 కోసం 2022లో తెచ్చిన ప్రొఫైలు. వేసిన మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. మాకు సరిగ్గా ఆ నిమిషాల్లోనే కరెంటు పోయింది. యూపీఎస్ లేకుండా ఈ పనులు పెట్టుకోకండి, బయోస్ కొత్తది ఎక్కించే పని అయితే అసలే వద్దు.

అర_సున్న, చిత్తూరు
ఏప్రిల్ 23, సాయంత్రం 6:30

“అంగడివాడు ముంచాడు” అన్న మొదటి మాట మీద ఒక సంగతి. ఈ పెట్టె అంకెల గొడవ అమెరికాలో కోర్టుకు ఎక్కింది. ప్రకటించిన వేగం పెట్టెలోంచి తీసి పెట్టగానే రాదు, బయోస్‌లో మార్చుకోవాలని కొనేవాళ్ళకు తెలియజేయలేదని కోర్సెయిర్ మీద సామూహిక దావా వేశారు. 2025లో 55 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. కాబట్టి మన ముహూర్తం గారి కోపం మరీ వెర్రి కోపం ఏమీ కాదు. 3600 పక్కన ‘వరకు’ అన్న ఒక్క మాట ముద్రిస్తే సిరా ఎంత ఖర్చవుతుంది?

పాతమదర్‌బోర్డు, తిరుపతి
ఏప్రిల్ 23, రాత్రి 9:02

ఖర్చయ్యేది సిరా కాదు, అమ్మకం.

వీధిచివర_నెట్‌సెంటర్, శ్రీకాళహస్తి
ఏప్రిల్ 24, ఉదయం 9:40

ఇంత రాద్ధాంతం ఎందుకండీ. 2666కూ 3600కూ కంటికి తేడా తెలుస్తుందా? మా సెంటర్‌లో హాల్ టికెట్లు 2133 మీద కూడా దిగుతున్నాయి.

నిర్వాహకులు
ఏప్రిల్ 24, ఉదయం 10:00

హాల్ టికెట్ల చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ర్యామ్ గురించే రాయండి.

ముహూర్తం_వీడియో, తిరుపతి
ఏప్రిల్ 30, సాయంత్రం 5:26

లడ్డూలు ఆపాలి. కథ అయిపోలేదు.

28న పెళ్ళి తీశాను. 29 మధ్యాహ్నం రెండింటికి తలంబ్రాల పాట రెండర్, అంటే తుది వీడియో తయారీకి, పెట్టాను. పూర్తయింది, తృప్తిగా చూస్తున్నాను. పెళ్ళికూతురు దోసిలి ఎత్తగానే తెరకు అడ్డంగా ఆకుపచ్చ గీత ఒకటి మెరిసి పోయింది. ఒక్క ఫ్రేము. కెమెరా కార్డులో చూస్తే అసలు ఫుటేజీ శుభ్రంగా ఉంది. రాత్రి పదింటికి అదే పాట మళ్ళీ రెండర్ చేస్తే గీత లేదు. ఈ రోజు మధ్యాహ్నం ఇంకో పాటలో, ఈసారి ముత్తయిదువుల వరుస మీద, రెండు గీతలు. రాత్రి బాగుండి పగలు పాడయ్యేది ఏమిటి సార్ ఇది?

పాతమదర్‌బోర్డు, తిరుపతి
ఏప్రిల్ 30, సాయంత్రం 6:10

మీ గదిలో ఏసీ ఉందా? మధ్యాహ్నం క్యాబినెట్ పక్క తలుపు మూసి ఉంటుందా?

ముహూర్తం_వీడియో, తిరుపతి
ఏప్రిల్ 30, సాయంత్రం 6:14

ఏసీ లేదు. పైన రేకుల కప్పు. తలుపు మూసే ఉంటుంది, పిల్లి దూరుతోందని.

పాతమదర్‌బోర్డు, తిరుపతి
ఏప్రిల్ 30, సాయంత్రం 6:55

అదీ సంగతి. మన ఊరి ఎండ, పైన రేకులు, లోపల గంటల తరబడి రెండర్.

ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కుండలో పోసిన ఛార్జి. కుండకు చిల్లి ఉంటుంది, కారుతూనే ఉంటుంది. కారిపోయేలోపు బోర్డు మళ్ళీ నింపుతూ ఉండాలి. డీడీఆర్4లో మొత్తం అన్ని కుండలనూ 64 మిల్లీసెకన్లకు ఒకసారి నింపుతారు. వేడి పెరిగితే చిల్లి పెద్దదవుతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీసెకన్లకే నింపాలని నిబంధన ఉంది. మీ స్టిక్కులు అంత కాలుతున్నాయని అనను. కానీ 3600 అంటే మీరు ఇప్పటికే గట్టు మీద నడుస్తున్నారు. రాత్రి చల్లగా ఉంటే కాలు నిలుస్తుంది, పగలు జారుతుంది.

డిస్‌ప్లే వచ్చింది, విండోస్ లేచింది, కాబట్టి వేగం నిలబడిందని అనుకోవడమే ఇందులో ఉన్న పెద్ద మోసం. పెట్టె మీది అంకె కన్నా పెద్దది. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే మెమరీ పరీక్ష సాఫ్ట్‌వేర్ వేసి, దాంతో బూట్ చేసి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వదిలేయండి. రాత్రి చేస్తే పరీక్షే కాదు. తప్పును చూపే ఎర్ర గీత ఒక్కటి వచ్చినా ఆ వేగం మీది కాదు. అప్పుడు ఎక్స్‌ఎంపీ అలాగే ఉంచి, వేగం ఒక్కటి 3466కు దించండి. కాదంటే 3400, 3333, చివరికి 3200. ఒక్కో మెట్టు దగ్గర మళ్ళీ అదే పరీక్ష.

రెండు పెళ్ళిళ్ళ ఫుటేజీ ఇప్పుడే వేరే డిస్కుకు కాపీ తీయండి. అయితే 2666కు దించాక తీయండి. తప్పులు చేసే మెమరీ మీదుగా కాపీ చేస్తే ఆ తప్పు కూడా కాపీ అవుతుంది.

అర_సున్న, చిత్తూరు
ఏప్రిల్ 30, రాత్రి 8:20

దిగడానికి బాధపడకండి. 3600లో మీ స్టిక్కుల సీఎల్, అంటే అడిగిన డేటా రావడానికి పట్టే టిక్కులు, ఎంత, 18 కదా? 18 టిక్కులను 1800తో భాగిస్తే ఆలస్యం 10 నానోసెకన్లు. 3200లో సీఎల్ 16 నిలబడితే అదీ 10 నానోసెకన్లే. తేడా అంతా రెండు దారులూ కలిసి సెకనుకు మోసే డేటాలో, 57.6 జీబీకీ 51.2 జీబీకీ మధ్య. మీరు మొదట వాపోయిన 2666 సీఎల్ 19 అయితే మాత్రం 14 నానోసెకన్లు దాటుతుంది. అక్కడి నుంచి పైకి రావడమే అసలు ప్రయాణం, మిగతాది ముచ్చట.

ముహూర్తం_వీడియో, తిరుపతి
మే 3, రాత్రి 9:47

మూడు మధ్యాహ్నాలు ఈ పనికే పోయాయి.

3600: నలభై నిమిషాల్లో ఎర్ర గీతలు, లెక్కపెట్టడం మానేశాను.
3466: మూడు గంటలు శుభ్రంగా పోయి, మూడుంబావుకు ఒక్కటంటే ఒక్క తప్పు. చాలా కోపం వచ్చింది.
3400: నాలుగు గంటలు, ఒక్కటీ లేదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి, దోమల వల ముక్క కట్టాను. పిల్లి సమస్య కూడా తీరింది.

అదే తలంబ్రాల పాట 2666లో 21 నిమిషాల 40 సెకన్లు పట్టింది. 3400లో 19 నిమిషాల 55. నిజం చెప్పాలంటే సగానికి సగం తగ్గుతుందని కలలు కన్నాను. కానీ టైమ్‌లైన్ మీద రంగులు సరిచేసేటప్పుడు ఇదివరకు ఆగి ఆగి కదిలే వీడియో ఇప్పుడు జారిపోతోంది. గ్రాఫిక్స్ కార్డు లేక, బొమ్మ పని కూడా ఈ ర్యామ్ మీదే నడుస్తుంది కాబట్టి తేడా అక్కడ తెలుస్తోందని రేణిగుంట అన్న ఫోనులో చెప్పారు.

కట్టమంచి_కుర్రాడు, చిత్తూరు
మే 3, రాత్రి 10:02

మామయ్య స్టిక్కు వచ్చింది. రెండూ 2400, రెండు దారులు. ఆట మునుపటి కన్నా బాగా నడుస్తోంది. అన్నా, మరి పెట్టె మీది 3600 సంగతి వదిలేసినట్టేనా?

ముహూర్తం_వీడియో, తిరుపతి
మే 3, రాత్రి 10:11

వదిలేయలేదు తమ్ముడూ. 17 నుంచి అధిక జ్యేష్ఠం, నెల రోజులు ముహూర్తాలు లేవు, పని ఉండదు. పాతమదర్‌బోర్డు సార్ చిన్న ఫ్యాను ఒకటి ఇస్తానన్నారు, స్టిక్కుల ఎదురుగా కట్టి చూస్తాం. లడ్డూలు ఆ రోజే.